జన్యులిపికి సంజ్ఞాపరిచ్ఛేదం

చిన్నయసూరి బాలవ్యాకరణంలో మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదం. సంధులు, సమాసాలు ఆ తరువాతనే. క, చ, ట, త, ప లను పరుషాలనీ, గ, జ, డ, ద, బ లను సరళాలనీ ముందుగా పేర్లు పెట్టి ఉంచుకున్నాడు కనుకనే, పరుషం ఎక్కడ సరళంగా మారుతుందో ఆ పైన ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోగలిగాడు. ఆ పేర్లే లేకపోతే సూత్రం సూత్రానికీ అయిదేసి అక్షరాలు ఏకరువు పెట్టవలసి వచ్చేది. సంజ్ఞ కుదిరితే సూత్రం పొట్టిదవుతుంది. కుదరకపోతే సూత్రం వెంట మినహాయింపులు తోకలా పెరుగుతాయి. ఏళ్ల తరబడి పిల్లలకు ఈ పరిచ్ఛేదం చెప్పినవాణ్ణి కనుక, జీవశాస్త్రం కోసం కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు కూడా సరిగ్గా ఈ చిక్కుతోనే అరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారని తెలిసినప్పుడు, ఆ చరిత్ర తెలుసుకోవాలన్న కుతూహలం కలిగింది. తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రోగ్రాములు రాసేవారు 'క్లాసు' అన్నప్పుడు బడిలోని తరగతి అని అర్థం కాదు. తర్కశాస్త్రంలో జాతి, వ్యక్తి అని ఒక భేదం చెబుతారు. గోవు అన్నది జాతి. మా వీధి చివర కట్టేసి ఉండే ఎర్రావు వ్యక్తి. వారి క్లాసు మన జాతి వంటిది. ఒక క్లాసుకు పేరు పెట్టడమంటే, ఈ జాతికి చెందిన ప్రతి వ్యక్తికీ ఏ లక్షణాలు ఉంటాయో, దానిమీద ఏ క్రియలు చెల్లుతాయో చదివేవాడికి మాట ఇవ్వడం. యంత్రానికి ఏ పేరైనా ఒకటే. పేరును చదివి నమ్మేవాడు మనిషి. రాసినవాడు కొలువు మారి వెళ్లిపోయిన పదేళ్లకు, మరో దేశంలో మరొకడు ఆ పేరును నమ్మి పని నడుపుతాడు. ప్రమాదం అక్కడ పొంచి ఉంటుంది.

ఇక అక్షరాల సంగతి. డి.ఎన్.ఎ. అన్నది నాలుగు అణువుల వరస అనీ, ఆ నాలుగూ అడినైన్, సైటోసిన్, గ్వానైన్, థైమిన్ అనీ, వాటిని ఎ, సి, జి, టి అన్న పొడి అక్షరాలతో రాస్తారనీ ఇప్పుడు పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఈ పేర్ల పుట్టుక చూస్తే నవ్వు వస్తుంది. గ్వానైన్‌కు ఆ పేరు గ్వానో నుంచి వచ్చింది. గ్వానో అంటే ఎరువుగా వాడే సముద్రపక్షుల రెట్ట. అడినైన్ గ్రంథి అనే అర్థంగల గ్రీకు మాట నుంచి, థైమిన్ థైమస్ గ్రంథి నుంచి పుట్టాయి. దొరికిన చోటును బట్టి పెట్టిన పేర్లే తప్ప అణువు స్వభావాన్ని చెప్పే పేర్లు కావు. ఏటిగట్టున ఉన్న ఊరికి గట్టు పేరు పెట్టినట్టు.

ఈ నాలుగింటిలో మొదటి అక్షరంతో మన గోదావరి డెల్టాకు ఒక చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంతకాలం చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశాడు. అది 1929. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడు విడిగా దానిని కనుగొన్నాడు. దేహానికి శక్తినిచ్చే పదార్థంగానే దానిని చాలామంది ఎరుగుదురు. కాని కణం ఆర్.ఎన్.ఎ. వరసను అల్లేటప్పుడు 'ఎ' అన్న అక్షరం కావలసిన ప్రతి చోటా వాడే ముడిసరుకు కూడా ఆ ఎ.టి.పి.యే.

సుబ్బారావు పేరుకు పట్టిన గతి కూడా మన విషయానికి దూరం కాదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. పడమటి దేశాల గ్రంథసూచికలలో చివరి మాటే వంశనామం. ఆ అచ్చులో పోసేసరికి ఎల్లాప్రగడ వంశమంతా 'వై' అన్న ఒక్క పొడి అక్షరమై వెనక్కు పోయింది. సుబ్బారావు అన్న సొంత పేరు వంశనామమై ముందు కూర్చుంది. భాస్వరాన్ని కొలవడానికి 1925లో వారిద్దరూ ప్రకటించిన పద్ధతి నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతే. ఆయన మరణించాక 1953లో ఒక బూజు ప్రజాతికి గౌరవసూచకంగా పెట్టిన సుబ్బారోమైసిస్ అన్న పేరులో కూడా ఇంటిపేరు లేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. 'చివరి పేరు' అని ఒక గడికి పేరు పెట్టినవాడు, లోకంలో అందరికీ చివరిదే వంశనామమని అనుకున్నాడు, అంతే.

జీవాక్షరాలను కంప్యూటరులోకి మొదట ఎక్కించిన వారిలో ముఖ్యురాలు మార్గరెట్ డేహాఫ్ అనే అమెరికన్ విదుషి. 1965లో ఆమె బృందం అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరసలన్నీ ఒక సంపుటంగా అచ్చువేసింది. మాంసకృత్తులని మనం అనే ఈ ప్రోటీన్లు ఇరవై రకాల అమైనో ఆమ్లాల దండలు. ఒక్కొక్క ఆమ్లానికీ మూడేసి అక్షరాల పొడిపేరు వాడుకలో ఉండేది. చిల్లుల కార్డుల మీద అక్షరం అక్షరానికీ ఖర్చున్న ఆ రోజులలో మూడు చోట్ల ఒకటి చాలని ఆమె ఏకాక్షర సంజ్ఞలు కూర్చింది. 1968లో అంతర్జాతీయ సంఘం ఏకాక్షర పద్ధతిని ఆమోదించింది. పాణిని టి, ఘు, భ అంటూ ఒంటి అక్షరాలతో సంజ్ఞలు చేయడం ఎరిగినవారికి ఇందులో వింత కనబడదు. ఒకే అక్షరంతో మొదలయ్యే ఆమ్లాలు చాలా ఉండడంతో కొన్నింటికి వేరే దారి వెతికారు. ఫెనిలాలనీన్‌కు ధ్వనిని బట్టి ఎఫ్. ట్రిప్టోఫాన్ అణువులో రెండు వలయాలు ఉన్నాయి కనుక వెడల్పాటి అక్షరం డబ్ల్యు. లైసిన్‌కు 'ఎల్' దొరకలేదు. అది అప్పటికే ల్యూసిన్ సొత్తు. అందుచేత అక్షరమాలలో దాని పక్కనున్న 'కె' ఇచ్చారు. బడిలో ఒకే పేరుగల ఇద్దరు పిల్లలుంటే ఒకడికి ముద్దుపేరు పెట్టినట్టే.

డి.ఎన్.ఎ.లో మరొక అవసరం వచ్చింది. ప్రయోగంలో ఒక్కొక్కసారి ఆ చోట ఉన్నది ఎ యో జి యో తేలదు. అటువంటి సందేహస్థలాలకు కూడా అక్షరాలు కావాలి. 1984లో స్థిరపడిన పద్ధతిలో వీటికి పదకొండు సంజ్ఞలున్నాయి. అందులో ఒక యుక్తి నాకు మహా నచ్చింది. 'ఎ కానిది ఏదైనా' అనడానికి, ఎ తరువాత వచ్చే 'బి'. సి కానిదానికి దాని తరువాతి 'డి'. జి కానిదానికి 'హెచ్'. టి కానిదానికి మాత్రం తరువాతి 'యు' పనికిరాదు, అది ఆర్.ఎన్.ఎ.లో యురాసిల్‌కు పోయింది, కనుక 'వి'. ఏదో తెలియనప్పుడు 'ఎన్'. తెలియకపోవడానికి కూడా ఇన్ని అంతరాలు చేసి, అంతరానికొక పేరు పెట్టడం శాస్త్రానికి శోభ.

అయితే రెండు అక్షరమాలలూ రోమను లిపి నుంచే పుట్టడంతో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎ, సి, జి, టి అన్న నాలుగక్షరాలూ ప్రోటీన్ల లిపిలో కూడా ఉన్నాయి. అక్కడ అవి అలనీన్, సిస్టీన్, గ్లైసిన్, త్రియోనిన్. అంటే జి, ఎ, టి, సి అని వరసగా రాసి ఉన్న చీటీ ఇస్తే, అది జన్యుఖండమా, మాంసకృత్తా అన్నది చీటీని చూసి చెప్పలేం. పింగళి సూరన రాఘవపాండవీయం గుర్తుకు వస్తుంది. అవే పద్యాలు, ఒకసారి రామకథ, ఒకసారి భారతకథ. సూరన కోరి చేసిన శ్లేష అది. ఇక్కడిది ఎవరూ కోరని శ్లేష. దీనికంటె ప్రమాదకరమైనది 'ఎన్'. జన్యులిపిలో దాని అర్థం 'తెలియదు'. ప్రోటీన్ లిపిలో దాని అర్థం ఆస్పరజీన్ అనే నిర్దిష్టమైన ఆమ్లం. ఒక లిపిలో వరసగా నూరు ఎన్‌లు ఉంటే అది అజ్ఞానాన్ని ఒప్పుకోవడం. మరొక లిపిగా చదివితే నూరు ఆస్పరజీన్‌ల దండ. అక్షరాల మీద 'ఇది ఏ లిపి' అన్న సంజ్ఞ ఉండి తీరాలనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఈ సంజ్ఞను ఎక్కడ కట్టాలి అన్నదే 1990ల చివరి నుంచి ఆ రంగంలో నడిచిన వివాదం. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తయారైన బయోపెర్ల్ వారు వరసలను బరువును బట్టి విడదీశారు. అక్షరాలూ, ఒక గుర్తింపు పేరూ మాత్రమే ఉంటే 'ప్రైమరీసీక్'. ఈ చోటి నుంచి ఈ చోటి దాకా ఫలానా జన్యువు అన్నటువంటి వ్యాఖ్యానం కూడా ఉంటే 'సీక్'. ప్రభుత్వ భాండాగారాలలోని తేదీలు, అదనపు సంఖ్యలు కూడా చేరితే 'రిచ్‌సీక్'. మూలం, టీక, సంపూర్ణ వ్యాఖ్య అని మనం పుస్తకాలకు చేసే విభాగమే. లిపి ఏది అన్నది వరసలోనే ఒక లక్షణంగా ఉంటుంది.

ఇక్కడ సమాసాలు తెలిసినవారికి సులువుగా అందే విషయం ఒకటుంది. నీలోత్పలం అంటే నల్లనిదైన కలువ, అది కలువే. పీతాంబరుడు అంటే పచ్చని బట్ట కాదు, పచ్చని బట్ట గలవాడు. మొదటిది కర్మధారయం, రెండవది బహువ్రీహి. ప్రోగ్రాములు రాసేవారికి కొత్తలో చెప్పే మొదటి పాఠాలలో ఇదొకటి: ఒక క్లాసు మరొక క్లాసు 'అవుతుందా', లేక మరొకదానిని 'కలిగి ఉంటుందా'? పైథాన్ భాషలోని బయోపైథాన్‌లో 'సీక్' అంటే వరస, 'సీక్‌రికార్డ్' అంటే వరస గల పత్రం. సీక్‌రికార్డ్ బహువ్రీహి. దానిని కర్మధారయంగా చదివి, పత్రమే వరస అనుకుని దానిమీద వరసకు చెందిన క్రియలు నడపబోయి కొత్తవారు తికమకపడుతుంటారు. ఈ రంగంలో పనిచేస్తున్న నా పూర్వ శిష్యుడొకడు ఈ పోలిక విని, సమాసాలలో తనకు తగ్గిన మార్కులను ఇన్నాళ్లకు కలపమని అడిగాడు. కలపలేదు.

బయోపైథాన్‌లోనే 'మ్యూటబుల్‌సీక్' అని మరొక క్లాసు ఉంది. జీవశాస్త్రజ్ఞుడు ఈ పేరు చూస్తే ఉత్పరివర్తనం, అంటే జన్యువులో వచ్చే మార్పు, జ్ఞాపకం వస్తుంది. దాని అర్థం అది కాదు. కంప్యూటరులో ఉన్నచోటనే దిద్దడానికి వీలైన వరస అని మాత్రమే. అలాగే 'ట్రాన్స్‌లేట్' అన్న క్రియ. పైథాన్‌లో మామూలు అక్షరాల దండ మీద దానిని ప్రయోగిస్తే ఒక అక్షరం బదులు మరొకటి పెడుతుంది. సీక్ మీద ప్రయోగిస్తే మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం చొప్పున ప్రోటీన్‌గా మారుస్తుంది. రెండు శాస్త్రాలు ఒకే మాటను అంతకు ముందే చెరొక అర్థంలో వాడుకుని ఉండగా, ఆ రెండింటి సంగమంలో కొత్త ఇల్లు కట్టేవాడికి తప్పని బాధ ఇది. బయోపైథాన్ వారు జీవశాస్త్రార్థానికే ఓటు వేసి, తమది మామూలు దండల క్రియ వంటిది కాదని వివరణలో హెచ్చరిక రాసి పెట్టారు. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. వాడేవారి శాస్త్రంలోని అర్థమే ముందు నిలవాలి.

అన్నిటికంటె ఆసక్తికరమైనది వారి 'ఆల్ఫబెట్' కథ. ప్రతి వరసకూ ఒక అక్షరమాలను జతచేసి, అది డి.ఎన్.ఎ.యా, ఆర్.ఎన్.ఎ.యా, ప్రోటీనా అన్నది ఆ సంజ్ఞతో చెప్పించాలని మొదట్లో సంకల్పించారు. ఆలోచన సబబైనదే. రాను రాను ఆ ఒక్క సంజ్ఞ మూడు బరువులు మోయవలసి వచ్చింది: ఇది ఏ పదార్థం, ఇందులో ఏ అక్షరాలు చెల్లుతాయి, ఖాళీలనూ ముగింపునూ తెలిపే గుర్తులు ఉండవచ్చునా. దానితో 'ఖాళీలున్న నిస్సందిగ్ధ డి.ఎన్.ఎ. అక్షరమాల' వంటి పొడుగాటి సంజ్ఞలు పుట్టాయి. రెండు వరసలను కలిపితే వచ్చేదానికి ఏ సంజ్ఞ ఇవ్వాలన్నది మరో చిక్కు. చివరకు 2020 సెప్టెంబరులో వెలువడిన 1.78 సంచికలో ఆ వ్యవస్థను మొత్తంగా తొలగించారు. అలాగని అవసరం తీరిపోలేదు. భాండాగారాలకు పంపే పత్రాలలో అణువు రకం రాయక తప్పదు కనుక, ఆ ఒక్క వివరం మాత్రం వరసను వదలి పత్రంలోకి, సీక్‌రికార్డ్‌లోకి మారింది.

జావా భాషలోని బయోజావా వారు దీనికి ఎదురు దిక్కున నడిచారు. తొలినాళ్లలో వారిది శుద్ధ గణితం: సింబల్, సింబల్‌లిస్ట్, ఆల్ఫబెట్, రెండు అక్షరమాలల గుణకారం వల్ల పుట్టే మరొక అక్షరమాల. చూడముచ్చటైన నిర్మాణమే గాని, ప్రయోగశాల నుంచి వచ్చినవాడికి 'సింబల్‌లిస్ట్' అన్న పేరులో తన డి.ఎన్.ఎ. కనబడదు. బయోజావా 3 నాటికి తిరగరాసి, డి.ఎన్.ఎ. సీక్వెన్స్, ఆర్.ఎన్.ఎ. సీక్వెన్స్, ప్రోటీన్ సీక్వెన్స్ అని మూడు సూటి పేర్లు పెట్టారు. ఒకరు పదార్థభేదాన్ని క్లాసు పేరులోంచి తీసివేస్తే, మరొకరు తెచ్చి క్లాసు పేరులోనే పెట్టారు. నన్నడిగితే బయోజావా దారే మేలంటాను. పేర్లు మూడైనా శ్లేషకు తావుండదు.

సంజ్ఞల విషయంలో మరొక దోషం ఉంది. పాణిని వ్యాకరణంలో దీర్ఘ ఈకార ఊకారాంతాలైన స్త్రీలింగ శబ్దాలకు 'నదీ' అని పేరు. నదీ శబ్దం అటువంటిది కనుక ఆ పేరే జాతి మొత్తానికీ వచ్చింది. ఆ లెక్కన వధూ శబ్దం కూడా నదియే. ఇది విన్న పిల్లలు, ముఖ్యంగా మా గోదావరి గట్టు పిల్లలు, పెళ్లికూతురు నది ఎలా అవుతుందని పకపకా నవ్వేవారు. వ్యాకరణంలో దీనివల్ల హాని లేదు; అది పారిభాషికమని ముందే చెప్పి ఉంచారు. కాని ఒక వ్యక్తి పేరు జాతికంతటికీ చెల్లుతుందని చెప్పకుండానే సాగిపోతే ఏమవుతుందో, మన డెల్టా పంట ద్వారానే చూడవచ్చు.

2005లో అంతర్జాతీయ బృందం ఒకటి, మన దేశం కూడా అందులో భాగస్వామి, వరి జన్యులిపి మొత్తాన్ని చదివి ప్రకటించింది. సుమారు 39 కోట్ల అక్షరాలు. పత్రికలన్నీ 'వరి జన్యులిపి' అనే రాశాయి. ప్రోగ్రాములలోనూ భాండాగారాలలోనూ వరి అంటే ఆ వరసే ప్రమాణమైంది. నిజానికి అది నిప్పోన్‌బారే అనే ఒక్క జపాను రకం లిపి. ఆ మరుసటి ఏడే, 2006లో, నీటమునిగినా చావకుండా వరిని కాపాడే 'సబ్1ఎ' అన్న జన్యువు వివరాలు వెలువడ్డాయి. ఒడిశా నాటు వరి నుంచి తీసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకంలో దొరికింది. ఆ జన్యువు నిప్పోన్‌బారేలో లేదు. దాని పొరుగునుండే సబ్1బి, సబ్1సి ఉన్నాయి, సబ్1ఎ మాత్రం లేదు. 'వరి' అని పేరున్న ప్రమాణగ్రంథాన్ని ఆద్యంతం వెతికినా వరి రైతుకు అత్యవసరమైన ఆ పుట కనబడదన్న మాట. జన్యువు అంటే ప్రమాణ వరసలో ఇంత నుంచి ఇంత వరకూ ఉండే చోటు అని క్లాసును నిర్వచించుకున్న ప్రోగ్రాములో దీనికి నిలవడానికి చోటే ఉండదు. పేరులో 'వరి' అనకుండా 'నిప్పోన్‌బారే' అని ఉంటే, లేకపోవడం అన్నది కనీసం అనుమానానికైనా వచ్చేది. 2018లో 3,010 వరి రకాల లిపులను పోల్చి ప్రకటించాక, ఒక్క రకాన్ని జాతిగా చూపడం చెల్లదన్నది స్థిరపడింది. ఒకే వరసకు బదులు చీలి మళ్లీ కలిసే పాయలుగా లిపిని నిలిపే ప్రోగ్రాములు ఇప్పుడు వస్తున్నాయి. ధవళేశ్వరం దిగువన గోదావరిని చూసినవారికి ఆ బొమ్మ గీసి చూపనక్కరలేదు.

ఇది మనకు పరాయి సంగతి కాదు. సార్వా ఊడ్పులయ్యాక వాన పట్టి, మురుగు కాలవలు పొంగి చేలు మునిగితే, వారం దాటిన నాటు మీద ఆశ వదులుకోవడం డెల్టాలో తరతరాలుగా ఉన్నదే. ఇక్కడి పొలాలలో ఏలిన స్వర్ణ రకానికి ముంపును తట్టుకునే శక్తి లేదు. ఆ స్వర్ణ పశ్చిమగోదావరి మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైంది. శాస్త్రజ్ఞులకు అది ఎం.టి.యు. 7029. మార్టేరు పేరులోంచి మూడు పొడి అక్షరాలు, దాని వెనుక ఒక సంఖ్య; అదీ వారి సంజ్ఞాపద్ధతి. దాని తల్లిదండ్రులలో ఒకటి మలేషియా నుంచి వచ్చిన మసూరి, రెండవది వశిష్ఠ, అంటే మన గోదావరి పాయ పేరే. అదే కేంద్రంలో పుట్టిన 1010కి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టారు. సంఖ్య ఎప్పటికీ మారదు, ఒకదానికొకటి తగలదు, కాని నోటికి పట్టదు. పేరు నోటికి పడుతుంది, కాని ఎవరైనా మరొకదానికి పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములలోనూ ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉంచుతారు.

స్వర్ణలోకి సబ్1 భాగాన్ని ఎక్కించి, తిరిగి తిరిగి స్వర్ణతోనే సంకరం చేసి, మిగిలినదంతా స్వర్ణగానే ఉండేట్టు చూసి తయారుచేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగి ఉన్నా తిరిగి చిగిర్చే రకం. ఇది స్వర్ణ అవుతుందా? లేక స్వర్ణను కలిగి ఉన్న మరొకటా? దిగుబడిలోనూ వండిన అన్నంలోనూ స్వర్ణకు తేడా లేదనే అంటారు. ఒక్క తేడా మాత్రం కంటికి కనబడుతుంది. అసలు స్వర్ణ ధాన్యం పొట్టు బంగారు రంగు. సబ్1 పక్కనే అంటుకుని వచ్చిన మరొక జన్యుభాగం ఆ రంగును అణచివేయడంతో, స్వర్ణ-సబ్1 పొట్టు గడ్డిరంగుకు తిరిగింది. రెండు రకాల విత్తనాలు కలిసిపోతే చూపుతోనే వేరు చేయడానికి ఇప్పుడు ఆ రంగే ఆనవాలు.